పాత లోటుకు కొత్త బిల్లు

2021 సెప్టెంబరులో నెల్లూరు, ఒంగోలు ఇళ్లకు వచ్చిన కరెంటు బిల్లుల్లో ‘ట్రూ అప్’ అని ఓ పద్దు కనిపించింది. యూనిట్‌కు రూ.1.23. 2014-19 మధ్య కరెంటు పంపిణీ చేసే సంస్థ డిస్కం లెక్కల్లో తేలిన లోటు అది. ముందు నెలే అద్దెకు దిగినవాడికి ఆ అయిదేళ్లతో ఏం సంబంధం? అడిగితే చెప్పేవాళ్లు లేరు. గొడవ ముదిరాక రూ.3,669 కోట్ల వసూలుకు తానిచ్చిన ఉత్తర్వును రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్సీ) వెనక్కి తీసుకుంది. మళ్లీ విచారణ జరిపి రూ.2,910 కోట్లకు తగ్గించింది. తగ్గింది సరే, పద్దు మాత్రం పోలేదు.

ఈ మండలి పుట్టింది 1999లో. విద్యుత్ బోర్డును జెన్‌కో (ఉత్పత్తి), ట్రాన్స్‌కో (సరఫరా)లుగా విడగొట్టి, ధర నిర్ణయించే పని ప్రభుత్వం చేతి నుంచి తీసి దీనికిచ్చారు. మరుసటి ఏడాదే ఛార్జీలు పెరిగాయి. ఆ పెంపుపై నిరసనకు దిగినవారిపై 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులూ జరిగాయి. పద్ధతి మాత్రం నిలబడింది: రాబోయే ఏడాది ఖర్చు అంచనాను డిస్కం దాఖలు చేయాలి, జనం అభ్యంతరాలు వినాలి, ఏప్రిల్ 1 నుంచి కొత్త ధర. ఖర్చు అంచనాకు అందినంత కాలం ఇది బాగానే నడిచింది.

అంచనా ఎలా తప్పుతుందో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం చూపించింది. అక్కడి తీరంలో 3,960 మెగావాట్ల అల్ట్రా మెగా విద్యుత్ ప్రాజెక్టును యూనిట్ రూ.2.33కే ఇస్తామని 2007లో రిలయన్స్ పవర్ దక్కించుకుంది. బొగ్గు తెచ్చుకోవాల్సిన ఇండోనేసియా తన ఎగుమతి ధరల నిబంధన మార్చేసరికి ఆ రేటు గిట్టుబాటు కాలేదు. ప్రాజెక్టు పైకి లేవనేలేదు. ఎక్కడో జకార్తాలో మారిన రూలు నెల్లూరు తీరంలో పని ఆపేసింది.

2022 ఏప్రిల్‌లో బొగ్గు చాలక పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. ఆ ఏడాది అధిక ధరకు కొన్న కరెంటు తాలూకు రూ.6,072 కోట్ల భారం 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లోకి ఎక్కింది. ఇంత ఆలస్యం కాకూడదనే, కొనుగోలు ఖర్చు తేడాను నెలనెలా బిల్లులో సర్దే రూలును కేంద్రం తెచ్చింది. దాని ప్రకారం యూనిట్‌కు 40 పైసల దాకా ముందస్తు విచారణ లేకుండానే వేసుకోవచ్చని మండలి అనుమతించింది. పాత బాకీ పేరుకోకపోవడం మంచిదే. కానీ జనం మాట్లాడే చోటు ఆ మేరకు తగ్గింది. నాకు మింగుడుపడనిది అదే. 2024-25కు లెక్క తిరగబడి, యూనిట్‌కు 13 పైసలు వెనక్కివ్వమని మండలి చెప్పిన మాటా నిజమే.

ఇక ఎండ కరెంటు వచ్చి ప్రశ్నే మారిపోయింది. ఎంత వాడావన్నదొక్కటే కాదు, ఎప్పుడు వాడావన్నదీ లెక్కే. సౌర వేళల్లో ధర కనీసం 20 శాతం తక్కువ, వాడకం పెరిగే పీక్ వేళల్లో ఎక్కువ ఉండాలని 2023 కేంద్ర నిబంధన. వ్యవసాయానికి మినహాయింపు ఉంది. మిల్లు వాడు షిఫ్టు మార్చుకుంటాడు. ఇందుకూరుపేట, విడవలూరు రొయ్యల గుంటల్లో అది కుదరదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) పడిపోయేది తెల్లవారుజామున. నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సిందీ అప్పుడే, ఎండ లేని వేళ. మండలి ఆక్వాకు రూ.3.85 అని రేటు కట్టగా, అర్హులైన రైతులు రూ.1.50 కడితే చాలని మిగతాది ప్రభుత్వం సబ్సిడీగా భరించింది. రాత్రి యూనిట్‌కు వేరే వెల కట్టే రోజు వస్తే, ఆ తేడా రైతు మీద పడుతుందా, సబ్సిడీలో కలుస్తుందా అన్నది మండలి ముందుకొచ్చే తర్వాతి పంచాయితీ.