టై స్త్రీలింగం, గౌను పుంలింగం: స్పానిష్ లింగాల మీద అపోహలు - వాస్తవాలు

స్పానిష్ క్లాసు మొదలైన రెండో వారానికల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "టేబుల్‌లో వాళ్లకి ఆడతనం ఏం కనిపించిందండీ?" సగం అపోహలు పుట్టేది అక్కడే.

అపోహ: వస్తువు స్వభావాన్ని బట్టి లింగం ఉంటుంది.
వాస్తవం: లింగం మాటది, వస్తువుది కాదు. స్పానిష్‌లో స్త్రీలింగ పదాల ముందు 'లా', పుంలింగ పదాల ముందు 'ఎల్' వస్తాయి, ఇంగ్లీషు 'ది' లాగా. మగవాళ్ల టై 'లా కోర్బాతా', స్త్రీలింగం. ఆడవాళ్ల గౌను 'ఎల్ వెస్తీదో', పుంలింగం. గడ్డం కూడా 'లా బార్బా'నే! మీ నాన్నగారు మంచి మనిషి అని చెప్పాలన్నా 'బ్వేనా పెర్సోనా' అనాలి, 'బ్వేనో' కుదరదు, ఎందుకంటే 'పెర్సోనా' స్త్రీలింగం. మన తెలుగు అర్థాన్ని చూస్తుంది కాబట్టి ఇది వింతగా ఉంటుంది. అయినా 'సీత వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఇద్దరినీ ఒకే గాటన కట్టే మనం వాళ్లని చూసి నవ్వకూడదు.

అపోహ: చివర 'ఓ' ఉంటే పుంలింగం, 'ఆ' ఉంటే స్త్రీలింగం.
వాస్తవం: చాలావరకు నిజమే. కానీ చెయ్యి 'లా మానో'. లాటిన్‌లో స్త్రీలింగం, అలాగే దిగింది. 'లా ఫోతో' అసలు పేరు ఫోతోగ్రఫీయా, తోక తెగినా లింగం మారలేదు. గ్రీకు నుంచి వచ్చిన ప్రొబ్లేమా, సిస్తేమా, తేమా, ఇదియోమా పుంలింగాలు. అలాగని 'మా' కనిపించిన ప్రతిచోటా 'ఎల్' తగిలించకండి. మంచం 'లా కామా'.

అపోహ: 'ఎల్ ఆగ్వా' అంటారు కాబట్టి నీళ్లు పుంలింగం.
వాస్తవం: కాదు. చల్లని నీళ్లు 'ఎల్ ఆగ్వా ఫ్రీయా', బహువచనంలో 'లాస్ ఆగ్వాస్'. రెండుచోట్లా స్త్రీలింగం బయటపడుతోంది చూడండి. లాటిన్‌లో స్త్రీలింగ పదాల ముందు వచ్చే 'ఇల్లా' కాలక్రమంలో 'ఎలా' అయింది. తర్వాతి మాట ఒత్తి పలికే 'ఆ'తో మొదలైతే దాని చివరి అచ్చు పోయి 'ఎల్' మిగిలింది. అంటే ఈ 'ఎల్' మగవేషంలో ఉన్న ఆడమాటే. 'అమీగా'లో ఒత్తు 'మీ' మీద పడుతుంది కాబట్టి 'లా అమీగా' అనే అంటారు.

అపోహ: హిందీ వస్తే చాలు.
వాస్తవం: అలవాటు పనికొస్తుంది, జాబితా పనికిరాదు. కితాబ్ స్త్రీలింగం, 'లిబ్రో' పుంలింగం. నీళ్లు హిందీలో 'పానీ', పుంలింగం. 'ఆగ్వా' సంగతి పైన చూశాం కదా, అక్కడ తిరగబడింది.

అపోహ: తప్పు పెడితే పరువు పోతుంది.
వాస్తవం: 'లా ప్రొబ్లేమా' అన్నా వాళ్లకి అర్థమవుతుంది, టెన్షన్ వద్దు. కొన్ని జంటల దగ్గరే జాగ్రత్త. 'లా కాపితాల్' రాజధాని, 'ఎల్ కాపితాల్' పెట్టుబడి. లాటిన్ అమెరికాలో 'లా పాపా' బంగాళాదుంప, 'ఎల్ పాపా' రోములో ఉండే పోపు గారు. నా స్టూడెంట్ ఒకతను వంట గురించి రాస్తూ ఆయన్ని సన్నగా తరిగి, పోపు పెట్టేశాడు.