బాయిలీ మందు కాదు, తిండి: బార్బెల్ వేటలో అపోహలు - వాస్తవాలు

మృగశిర కార్తె ప్రవేశించిన రోజు మన బేగంబజార్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. అదే కార్తెలో, జూన్ 16న, ఇంగ్లండ్ నదుల్లో గాలం వేసే సీజన్ మొదలవుతుంది. మార్చి 15 నుంచి మూడు నెలలు అక్కడి నదుల్లో బార్బెల్ లాంటి చేపలకు గాలం వేయకూడదు. సీజన్ తెరుచుకునే ముందు వారం నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. చదువుకనో ఉద్యోగానికనో అక్కడికి వెళ్లిన మన హైదరాబాద్ పిల్లలు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, బార్బెల్‌కి ఏ బాయిలీ మంచిది? అందులో ఏం సెంటు కలపాలి?"

నేను నాలుగేళ్లు నాటింగ్‌హామ్‌లో ఉన్నాను. ఖాళీ దొరికిన ప్రతి ఆదివారం ట్రెంట్ నది ఒడ్డునే గడిచింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఇంట్లోనే బాయిలీలు చేసుకుని, అనుమతి ఉన్న చెరువుల్లో రోహుకూ బంగారుతీగకూ వాడుతున్నాను. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాద్దామని కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పిండిని గుడ్లతో కలిపి, ఉండలు చుట్టి, మరిగే నీళ్లలో ఉడికిస్తే పైన గట్టి పొర కడుతుంది. గాలానికి ఎరగా వాడే ఆ ఉండే బాయిలీ. ఇక బార్బెల్ యూరప్ నదుల చేప. మన రోహు, బొచ్చెల వంశమే. పొడుగాటి ఒళ్లు, కిందికి తిరిగిన నోరు, నోటి దగ్గర నాలుగు మీసాలు. గులకరాళ్ల అడుగున ఆ మీసాలతో తడుముకుంటూ మేస్తుంది. మీసాలు చూసి జెల్ల జాతి అనుకుంటారు కానీ కాదు.

అపోహ: వాసన ఎంత ఘాటుగా ఉంటే చేప అంత తొందరగా వస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. మన దగ్గర చారా, అంటే చేపల్ని రప్పించడానికి నీళ్లలో వేసే మేత, కలిపేవాళ్లు ఇంగువ, సోంపు, మెంతిపొడి వేస్తారు. ఆ చారాకు చేపలు వస్తాయి, నేనే చూశాను. కానీ డబ్బా మూత తీయగానే మన ముక్కుకు గుప్పున తగిలేది ఒకటి, నీళ్లలో చేపను పిలిచేది ఇంకొకటి. గాల్లోకి లేచేదే మనకు తెలుస్తుంది. నీళ్లలో కరిగేదే చేపకు తెలుస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో చేసి చూడండి. రెండు గాజు గ్లాసుల్లో చల్లటి నీళ్లు పోయండి. ఒక బాయిలీని చేపనూనెలో, ఇంకోదాన్ని ఉప్పు, సోయాసాస్, కాస్త ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తుడిచి ఒక్కో గ్లాసులో వేయండి. మొదటి గ్లాసులో నూనె చుక్కలు ఒక్కొక్కటే బాయిలీని వదిలి పైకి పోతాయి. కాసేపటికి పైన మెరిసే తెట్టు, కింద తేటనీళ్లు. రెండో గ్లాసులో బాయిలీ నుంచి గోధుమరంగు దారం లాంటిది సన్నగా కిందికి దిగుతుంది. గంట గడిచాక చూస్తే అడుగున రెండు వేళ్ల మందం పల్చటి టీ రంగు పట్టి ఉంటుంది. బార్బెల్ మేసేది అడుగునే కదా. దాని మీసాలకు తగలాల్సింది ఆ టీ రంగు నీళ్లే.

అమైనో ఆమ్లాలు, లవణాలు, ఈస్ట్, నీళ్లలో కరిగే చేప ద్రావణాలు పనిచేసేది అందుకే. వేసవిలో కొద్దిగా నూనె పడినా ఫర్వాలేదు. చలికాలంలో నూనె చిక్కబడి బాయిలీని అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి బాగా తగ్గించాలి. సీసాలో దొరికే ఎసెన్సుల విషయంలో సీసా మీద రాసిన కొలత దాటొద్దు. ఎసెన్సు ఎక్కువైతే చేదెక్కి, చేప నోట్లో పెట్టుకుని కూడా ఊసేస్తుంది.

అపోహ: బాయిలీ చెరువు ఎర. నదిలో పనికిరాదు.

బాయిలీ పుట్టింది ఇంగ్లండ్‌లో కార్ప్ చేపల కోసమే. 1970లలో అది అక్కడి చెరువుల్లో పేరు తెచ్చుకుంది. నదిలో దాని బలం ఆ గట్టి పొర. మెత్తటి పిండి ముద్దను చిన్న చేపలు కొరికి కొరికి నిమిషాల్లో ఖాళీ చేస్తాయి. బాయిలీ గంటసేపైనా నిలబడుతుంది. ఆ మాటకొస్తే ఉడికించిన పిండి ఉండ మన దేశానికీ కొత్త కాదు. కావేరి మీద మహశీర్ కోసం రాగిపిండిని ఉడికించి, ముద్ద చేసి, గాలానికి కట్టేవాళ్లు. మహశీర్ బార్బెల్‌కు దూరపు బంధువే. దానికీ నాలుగు మీసాలే.

తేడా అంతా వాడే తీరులో ఉంది. గుండ్రటి ఉండ చెరువులో పడ్డచోటే ఉంటుంది. నదిలో గులకరాళ్ల మీద గోలీలా దొర్లి ఎక్కడికో పోతుంది. మీ కొక్కెం ఒకచోట, మీరు చల్లిన తిండి ముప్పై అడుగుల దిగువన. చేపలు తిండి ఉన్నచోటికే పోతాయి. కాబట్టి చల్లే బాయిలీలను చాకుతో సగానికి కోయండి. చదునుగా కూర్చుంటాయి, కోసిన వైపు నుంచి లోపలి సారం తొందరగా బయటికి వస్తుంది. నీటిలో కరిగిపోయే పీవీఏ సంచిలో ఏడెనిమిది ముక్కలు వేసి కొక్కేనికి తగిలిస్తే తిండీ కొక్కెమూ ఒకేచోట దిగుతాయి. సంచి తడిచేతులతో ముట్టుకోకండి, నీళ్లలోకి వెళ్లకముందే జిగురైపోతుంది.

అపోహ: ఎంత చల్లితే అన్ని చేపలు.

ట్రెంట్ మీద నా మొదటి ఆగస్టు ఇలాగే పోయింది. వానల్లేక నది సన్నబడి, నీళ్లు అద్దంలా ఉన్నాయి. సంచిలో ఉన్న కిలోన్నర బాయిలీలూ మధ్యాహ్నమే విసిరేశాను. చీకటి పడేదాకా రాడ్డు కొస కదల్లేదు. నాకు ఎగువన ఒక పెద్దాయన సాయంత్రం ఆరుకు వచ్చాడు. గంటసేపు నీళ్ల వంక చూడటం తప్ప ఏమీ చేయలేదు. తర్వాత వంగిన చెట్టుకొమ్మల కింద, రెండు నీటినాచు దుబ్బుల మధ్య ఇసుక కనిపించే సందులో పది ముక్కలు వేశాడు. తొమ్మిదిలోపు రెండు బార్బెల్ పట్టి, వదిలేసి వెళ్లిపోయాడు.

నాకు ఆ సాయంత్రం తెలిసినదే ఇవాళ అందరికీ చెబుతున్నాను. కడుపు నిండిన చేప మీ ఎర వంక చూడదు, పడినదాన్ని వెనక్కి తీసుకోలేం. బార్బెల్ గుంపుగా ఒకచోటు పట్టుకుని ఉంటుంది. ఆ చోటు వెతకడానికి పెట్టిన గంట, బాయిలీ కొనడానికి పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. గులకరాళ్ల మీద వేగంగా పారే నీరు నెమ్మదించే చోటు, నాచు వరసల మధ్య సందు, కొమ్మల నీడ చూడండి. మొదట గుప్పెడు ముక్కలు చాలు. చేప పడ్డాక, లేదా గంటకోసారి, ఇంకో నాలుగైదు.

అపోహ: పెద్ద ఉండకే పెద్ద చేప.

బార్బెల్‌కు దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. చిన్న పురుగును నమిలే గొంతు అదే, పెద్ద ఉండను నలిపే గొంతూ అదే. నేను 10 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్యే వాడతాను. చిన్న చేపలు మరీ ఏడిపిస్తే తప్ప 18 దాకా పోను.

అపోహ: ఎర్ర బాయిలీ దూరం నుంచే కనబడుతుంది.

తేటనీటిలో లోతుకు పోయేకొద్దీ అన్నిటికంటే ముందు మాయమయ్యే రంగు ఎరుపే. బాగా లోతులో అది నల్లటి ఉండ. రంగు గురించి టెన్షన్ పడొద్దు.

అపోహ: మన స్ప్రింగ్ గాలమే అక్కడా వేయొచ్చు.

ఇక్కడ స్ప్రింగ్ చుట్టూ పిండి నొక్కి, నాలుగైదు కొక్కేలు అందులో దాచడం అలవాటు. బార్బెల్‌కు ఒక్క కొక్కెం చాలు. కొక్కేన్ని బాయిలీలోకి దింపకూడదు కూడా. కొక్కెం తోక నుంచి వెంట్రుకలాంటి సన్నటి దారం వేలాడదీసి, దానికి బాయిలీని గుచ్చుతారు. దీన్నే హెయిర్ రిగ్ అంటారు. 1980 ప్రాంతంలో లెన్ మిడిల్‌టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు కార్ప్ వేటగాళ్లు తెచ్చిన పద్ధతి. చేప బాయిలీని పీల్చుకున్నప్పుడు ఖాళీగా ఉన్న కొక్కెం కూడా లోపలికి వెళ్లి, ఊసేటప్పుడు పెదవికి పట్టుకుంటుంది. పెదవి దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి తీయడం తేలిక, చేపకు గాయమూ తక్కువ. దారం తెగితే సీసం గుండు విడిపోయేలా కట్టుకోండి, లేకపోతే చేప దాన్ని ఈడ్చుకుంటూ తిరగాలి.

అపోహ: చలికాలంలో బార్బెల్ తినదు.

తింటుంది. నెల కాదు, నీటి వేడి చూడండి. పది డిగ్రీలు దాటితే బాగా మేస్తుంది, ఐదారుకు పడితే ముడుచుకుంటుంది. జనవరిలోనైనా రెండు రోజులు వెచ్చటి వాన కురిసి, నది పొంగి మట్టిరంగు తిరిగిందంటే ఆ రోజు వదులుకోవద్దు. దారానికి కట్టి నీళ్లలో దించే చిన్న థర్మామీటర్ కొనుక్కోండి. ఏ ఎసెన్సు సీసాకన్నా అది విలువైనది.

అపోహ: ఇంట్లో చేసినవి షాపు బాయిలీలకు సాటిరావు.

షాపులో కొన్న ఒక ప్యాకెట్‌ను కోసి చూస్తే లోపల మైదా ముద్దా రంగూ తప్ప ఏమీ కనబడలేదు. అప్పటి నుంచి నావి నేనే చేసుకుంటున్నాను. అరకిలో పొడికి బొంబాయి రవ్వ 200 గ్రాములు, సోయాపిండి 150, ఎండు మెత్తళ్లను ఉప్పు పోయేలా కడిగి, ఎండబెట్టి, మిక్సీ పట్టిన పొడి 150. ఐదారు గుడ్లు ముందు గిలక్కొట్టి, పొడిని వాటిలో కొద్దికొద్దిగా కలపాలి. చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా, చేతికి అంటకుండా వచ్చాక పావుగంట మూత పెట్టండి. రవ్వ తడి పీల్చుకుంటుంది, పగుళ్లు రావు. సున్నుండల్లా చుట్టి, మరిగే నీళ్లలో రెండే నిమిషాలు. ఎక్కువ ఉడికిస్తే పొర మందమై లోపలి సారం బయటికి రాదు. తీసి గుడ్డ మీద ఆరబెట్టి, మర్నాడు ఫ్రీజర్‌లో పెట్టండి. హైదరాబాద్ ఎండల్లో బయట ఉంచితే బూజు పడుతుంది. బూజు పట్టినవి నీళ్లలో వేయొద్దు.

అపోహ: పట్టిన బార్బెల్‌ను పులుసు పెట్టుకోవచ్చు.

వద్దు. ముఖ్యంగా దాని జన విషం, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పైగా పెరిగిన బార్బెల్‌ను నది నుంచి తీసుకెళ్లడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. గాలం వేయాలంటే 13 ఏళ్లు నిండిన ఎవరికైనా రాడ్ లైసెన్స్ ఉండాలి. ఒడ్డు ఎవరిదో వాళ్ల అనుమతి వేరే తీసుకోవాలి.

ఇక వదలడం. ఫోటో దిగి నీళ్లలో వేస్తే అయిపోయిందనుకుంటారు. బార్బెల్ ఒంట్లో ఉన్న ఆఖరి బలం దాకా పెనుగులాడే చేప. వేసవిలో నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గినప్పుడు అలాగే వదిలేస్తే, వెల్లకిలా తిరిగి కొట్టుకుపోతుంది. అందుకే ముందు వలలోనే, నీళ్లలోనే కాసేపు ఊపిరి తీసుకోనివ్వండి. కొక్కెం అక్కడే తీయండి. తర్వాత రెండు చేతులూ పొట్ట కింద పెట్టి, తల ఎగువకు తిప్పి, పారే నీళ్లలో నిటారుగా పట్టుకోండి. మొప్పలు నిదానంగా తెరుచుకుని మూసుకోవడం కనబడుతుంది. తోక బలంగా కొట్టి, చేతుల్లోంచి తనంతట తాను వెళ్లేదాకా పట్టుకునే ఉండండి. ఒక జూలై సాయంత్రం నాకు పావుగంట పట్టింది.