విభూతి పెట్టి తోమిన రూపాయి

"ఎవరు తోమారండీ దీన్ని?"

చెన్నై మింట్ స్ట్రీట్‌లో పాత నాణేలు కొనే పెద్దాయన నా రూపాయిని చూస్తూనే అడిగిన మాట ఇది. అమ్మమ్మ పెట్టెలో దొరికిన విక్టోరియా రాణి రూపాయి అది. మంచి ధర పలకాలని ముందురోజు రాత్రి నేనే విభూతి పెట్టి, పాత బనియన్ గుడ్డతో తళతళలాడేలా తోమాను.

ఆయన సొరుగులోంచి తోమని రూపాయి ఒకటి తీసి, అంచులు పట్టుకుని లైటు కింద మెల్లగా వంచాడు. మధ్యనుంచి అంచుదాకా ఉన్న వెలుగు చార బండిచక్రం ఆకులా గుండ్రంగా తిరిగింది. నాది ఎటు వంచినా ఒకటే మెరుపు, స్టీలు గ్లాసులా.

టంకశాలలో అచ్చు గట్టిగా పడినప్పుడు వెండి మధ్యనుంచి అంచులవైపు పాకుతుంది. అలా పాకినప్పుడు కంటికి ఆనని సన్నని గీతలు పడతాయి. కాంతి వాటిమీద పడి అలా తిరుగుతుంది. దీన్నే లస్టర్ అంటారు. నా విభూతి ఆ గీతల్ని అరగదీసింది. ఇక తిరిగి రావు. పోనీ, నేను వదిలించిన నలుపు మురికా అంటే అదీ కాదు. గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పల్చని పొర. దాని మందాన్ని బట్టి పసుపు, ఊదా, నీలం రంగులు కనిపిస్తాయి, వాననీటి మీద పెట్రోలు తెట్టులాగా. ఆ రంగుల కోసమే ఎక్కువ డబ్బిచ్చేవాళ్లున్నారు!

గ్రేడింగ్ అంటే నాణెం ఎంత అరిగిందో చూడటం. ముందుగా అరిగేవి ఎత్తైన చోట్లు: రాణి బుగ్గ, చెవి పైన జుట్టు, కిరీటం. ఇప్పుడు వాడే 1 నుంచి 70 దాకా అంకెల పద్ధతిని 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తన దేశపు పాత రాగి సెంటు నాణేల కోసం తయారుచేశాడు. 70 గ్రేడు నాణెం 1 గ్రేడు దానికి డెబ్బై రెట్లు పలకాలని ఆయన లెక్క. ఆ లెక్క ఎప్పుడో తప్పింది, అంకెలు మిగిలాయి. బాగా తోమేసిన నాణేనికి మామూలుగా ఆ అంకె కూడా ఇవ్వరు, 'క్లీన్డ్' అని రాసి పక్కన పెడతారు.

వెరైటీ, అంటే ఒకే రకం నాణేల మధ్య ఉండే చిన్న తేడా, వేరే సంగతి. అది పదో తరగతి సర్టిఫికెట్లో రాసే పుట్టుమచ్చ లాంటిది, అచ్చులోనే వస్తుంది. నా రూపాయి మీద 1862 అని ఉంది. అంతమాత్రాన అది 1862లోనే పుట్టిందనుకుంటే పొరపాటే. రూపాయి మీద ఆ అంకె 1874 దాకా మారలేదు. బొంబాయి టంకశాల వాళ్లు ఏ ఏడాది కొట్టారో గుర్తుకి వెనకవైపు చిన్న చుక్కలు పెట్టేవారు. అందుకే సేకరణదారులు పైన ఎన్ని, కింద ఎన్ని అని లెక్కపెడతారు. మన జేబులో చిల్లరకీ ఏ టంకశాలలో కొట్టారో చెప్పే మచ్చలున్నాయి. సంవత్సరం కింద వజ్రం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. 1985 రూపాయి మీద 'హెచ్' కనిపిస్తే అది బర్మింగ్‌హామ్‌లో కొట్టింది.

కొన్ని మచ్చలు రాజుగారికే తలనొప్పి. 1911 రూపాయి మీద అయిదో జార్జి హారంలోని ఏనుగు పందిలా ఉందని గొడవైంది. 1912లో బొమ్మ దిద్దారు. ఆ 'పంది రూపాయి'కి ఇప్పుడు గిరాకీ.

పెద్దాయన భూతద్దం పెట్టి నా రూపాయిని తిప్పాడు.

"చుక్కలు మాత్రం మీ విభూతికి దొరకలేదు లెండి" అన్నాడు. చెప్పిన ధర మాత్రం వెండి ధరకి కాస్త ఎక్కువ, అంతే. "ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా?"

మూడున్నాయి, నల్లగా.

"వేలితో కూడా రుద్దకండి. కాగితంలో చుట్టి తీసుకురండి."