జాంగో కొత్త వెర్షన్లు: మన దగ్గర వినపడే అపోహలు, అసలు సంగతులు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మేడ మీద ఒక గదిలో ముగ్గురం పనిచేస్తాం. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు కాంటా చీటీల సాఫ్ట్‌వేర్, బత్తాయి కమీషన్ వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. అన్నీ పైథాన్‌లోనే, జాంగో మీద. జాంగో అంటే పైథాన్ భాషలో వెబ్ సాఫ్ట్‌వేర్ రాయడానికి ఉచితంగా దొరికే తయారు చట్రం (ఫ్రేమ్‌వర్క్). ఆదివారాలు డిగ్రీ పిల్లలు కొందరు నేర్చుకోవడానికి వస్తారు. పాలమూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల చేతిలో ఉండేవి ఐదారేళ్ల కిందటి వీడియోలు, నోట ఉండేవి ఎవరో సగం చెప్పిన మాటలు. అందులో కొన్ని నేనూ నమ్మినవే. ఒకదానికి మంచి సీజన్లో మూల్యం కూడా చెల్లించాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "అన్నా, జాంగో పాతవడ్డది గద, ఇంకెవలు వాడుతున్నరు?"

పాతదే. 2005లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక దినపత్రిక ఆఫీసు నుంచి బయటికొచ్చింది. అయితే పాతది కావడం వేరు, ఆగిపోవడం వేరు. సుమారు ఎనిమిది నెలలకో కొత్త వెర్షన్ వస్తూనే ఉంది. 2023 డిసెంబరులో 5.0, 2024 ఆగస్టులో 5.1, 2025 ఏప్రిల్‌లో 5.2, అదే ఏడాది డిసెంబరులో 6.0 వచ్చాయి. ఏ వెర్షన్‌లో ఏం చేర్చారో, ఏం తీసేశారో, ఏది తీసేయబోతున్నారో రిలీజ్ నోట్స్‌లో ఉంటుంది. వీడియో చూసే టైములో సగం పెడితే అవి చదవడం అయిపోతుంది.

అపోహ: నడుస్తున్నదాన్ని కదపొద్దు. కదిపితే ఒకేసారి చివరి వెర్షన్‌కు దూకాలి.

ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట వింటుంటాను. రెండూ నష్టమే.

ముందు లెక్క చూద్దాం. జాంగోలో 3.2, 4.2, 5.2 ఇలా ప్రతి వరుసలో రెండో అంకె 2 ఉన్న వెర్షన్‌కు మూడేళ్లపాటు భద్రతా సవరణలు వస్తాయి. 4.2కు 2026 ఏప్రిల్ వరకు, 5.2కు 2028 ఏప్రిల్ వరకు. మిగతా వెర్షన్లకు ఆ గడువు దాదాపు ఏడాదిన్నర లోపే ముగుస్తుంది. మిల్లు లాంటి చోట పెట్టే సాఫ్ట్‌వేర్‌కు నేను 5.2నే ఎంచుకుంటాను. నేర్చుకునే పిల్లలకు మాత్రం 6.0 పెట్టుకొమ్మంటాను. దానికి పైథాన్ 3.12 గానీ ఆపై వెర్షన్ గానీ ఉండాలి. పాత ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ కాలేదని జాంగోను తిట్టుకునే ముందు పైథాన్ వెర్షన్ చూసుకోండి.

ఇక నాకు జరిగింది. ఒక మిల్లులో 3.2 మీద నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను, మధ్యలో 4.2 దగ్గర ఆగకుండా, నేరుగా 5 వరుసకు మార్చాను. యాసంగి వడ్లు దిగే రోజులు. కాంటా దగ్గర లారీలు, ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి నిలబడ్డాయి. తూకం పడుతోంది, చీటీ వస్తోంది, అంతా బాగుందనుకున్నాను. తెల్లారి మేనేజర్ ఫోన్ చేశాడు. "సార్, రాత్రి చీటీలన్నీ పగటి ఆపరేటర్ పేరు మీదనే వచ్చినయ్."

జరిగింది ఇది. సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు పగటి ఆపరేటర్ లాగౌట్ నొక్కాడు. తెల్లని పేజీ వచ్చింది, అందులో 405 అని ఉంది. అంటే "ఈ పద్ధతిలో అడిగితే ఒప్పుకోను" అని సర్వర్ చెప్పడం. ఆయన బ్రౌజర్ మూసి ఇంటికెళ్లిపోయాడు. రాత్రి ఆపరేటర్ తెరిస్తే పాత లాగిన్ అలాగే ఉంది. ఆయనకు అది తెలియదు, పని మొదలుపెట్టాడు. జాంగోలో మామూలు లింకు నొక్కి లాగౌట్ అయ్యే పద్ధతిని 4.1లోనే వద్దన్నారు, 5.0లో తీసేశారు. ఇప్పుడు లాగౌట్‌కు పోస్ట్ పద్ధతిలో ఫారం పంపాలి. ఆ పేజీలో లింకు తీసి, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌తో (ఫారం మన సైట్ నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) చిన్న ఫారం, అందులో ఒక బటన్ పెడితే పది నిమిషాల్లో అయిపోయింది. కానీ ఆ రాత్రి చీటీలను రిజిస్టర్‌తో ఒక్కొక్కటిగా సరిచూసి పేర్లు మార్చడానికి రెండు రోజులు పట్టింది.

4.2 దగ్గర ఆగి, పైథాన్‌ను హెచ్చరికలన్నీ చూపించమని చెప్పి టెస్టులు నడిపి ఉంటే, "ఇది 5.0లో పోతుంది" అని ముందే కనపడేది. అందుకే ఇప్పుడు మా పద్ధతి ఒకటే. 3.2 నుంచి 4.2, అక్కడ హెచ్చరికలన్నీ తీర్చుకున్నాక 5.2. ఇంకో రెండు కూడా గుర్తుంచుకోండి. 4.0 నుంచి సీఎస్ఆర్ఎఫ్ నమ్మదగిన చిరునామాల జాబితాలో ప్రతి చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ అని పూర్తిగా రాయాలి, లేకపోతే ప్రాక్సీ (మధ్యలో ఉండి అభ్యర్థనలు అందించే సర్వర్) వెనక ఉన్న సైట్లలో ఫారాలు తిరస్కరణకు గురవుతాయి. 5.0 నుంచి పైట్జ్ లైబ్రరీకి మద్దతు లేదు, టైమ్‌జోన్ పని పైథాన్ సొంత జోన్‌ఇన్ఫోతోనే. సీజన్లో మాత్రం ఏ వెర్షన్‌నూ ముట్టుకోకండి.

అపోహ: లెక్కలన్నీ పైథాన్‌లోనే చెయ్యాలి, డేటాబేస్ ఊరికే దాచుకునే పెట్టె.

నాకు బాగా నచ్చిన మార్పు ఇక్కడుంది, కాబట్టి కొంచెం సేపు ఆగుతాను.

కాంటా చీటీలో మూడు అంకెలు ఉంటాయి. లోడుతో బండి తూకం, ఖాళీ బండి తూకం, ఆ రెండింటి తేడా. ఆ తేడాకే రైతుకు డబ్బులు. మొదట్లో ఈ తేడాను మోడల్‌లోని (డేటాబేస్ టేబుల్‌ను వర్ణించే పైథాన్ క్లాస్) సేవ్ పద్ధతిలో లెక్కగట్టేవాళ్లం. ఒకసారి ఒక ట్రాక్టర్ ఖాళీ తూకం తప్పు పడిందని, ఆ రోజు దాని ట్రిప్పులన్నింటికీ మావాడు ఒకే అప్‌డేట్‌తో సరిచేశాడు. క్వెరీసెట్ (డేటాబేస్‌లోంచి ఏరిన రికార్డుల గుంపు) మీద అప్‌డేట్ పిలిస్తే సేవ్ పద్ధతి నడవదు. ఖాళీ తూకం మారింది, నికర తూకం పాతదే ఉండిపోయింది. చీటీ చేతిలో పట్టుకుని కూడిక తీసివేతలు చేసుకున్న రైతు చెప్పేదాకా మాకు తెలియలేదు.

5.0లో వచ్చిన జెనరేటెడ్‌ఫీల్డ్ సరిగ్గా ఇందుకే. "ఈ కాలమ్ అంటే లోడు తూకంలోంచి ఖాళీ తూకం తీసేసింది" అని మోడల్‌లో ఒకసారి చెబుతాం. ఇక లెక్క డేటాబేస్‌ది. సేవ్‌తో రాయండి, అప్‌డేట్‌తో రాయండి, నేరుగా ఎస్‌క్యూఎల్‌లో రాయండి, ఆ తేడా తప్పిపోదు. దాన్ని చేత్తో మార్చాలన్నా డేటాబేస్ ఒప్పుకోదు.

పరిమితులు కూడా తెలియాలి. అదే వరుసలోని కాలమ్స్‌నే వాడుకోగలదు. వేరే టేబుల్‌లో ఉన్న ధరను తెచ్చి గుణించమంటే కుదరదు. ఒక జెనరేటెడ్‌ఫీల్డ్ ఇంకో జెనరేటెడ్‌ఫీల్డ్ మీద ఆధారపడలేదు. 5.2లో అయితే, అప్పటికే ఉన్న రికార్డును మార్చి సేవ్ చేశాక కొత్త విలువ కావాలంటే రికార్డును డేటాబేస్ నుంచి మళ్లీ చదవాలి. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లు వాడేవాళ్లకు 6.0లో ఆ పని దానంతటదే జరుగుతుంది. చీటీ ప్రింట్ అదే విలువ మీద తీస్తాం కాబట్టి మాకు ఇది చిన్న విషయం కాదు.

అదే 5.0లో వచ్చిన డీబీ డిఫాల్ట్ కూడా ఈ కోవలోదే. డిఫాల్ట్ విలువను డేటాబేసే నింపుతుంది.

అపోహ: 6.0లో టాస్క్స్ వచ్చాయి, ఇక సెలరీ (Celery) లైబ్రరీ తీసేయొచ్చు.

ఈ మధ్య ఎక్కువగా వింటున్న మాట ఇదే. చీటీ పడగానే రైతుకు ఎస్ఎంఎస్ వెళ్లాలి. ఎస్ఎంఎస్ పంపే సర్వీసు జవాబివ్వడానికి ఐదు సెకన్లు తీసుకుంటే ఆ ఐదు సెకన్లూ కాంటా దగ్గర ప్రింటర్ ఆగాలా? వద్దు. ఆ పనిని పక్కన వరుసలో పెట్టి, చీటీ ముందు ఇచ్చెయ్యాలి. దీనికి ఇన్నాళ్లూ సెలరీ లాంటి బయటి లైబ్రరీ తప్పనిసరి.

6.0లో జాంగో ఇచ్చింది పని ఎలా రాయాలి, వరుసలో ఎలా పెట్టాలి అనే ఒక ఉమ్మడి పద్ధతి. వరుసలో ఉన్న పనిని తీసుకుని నడిపే వర్కర్ మాత్రం దాంతోపాటు రాదు. లోపల ఉన్న బ్యాకెండ్లు రెండే. ఒకటి పనిని అక్కడికక్కడే చేసేస్తుంది, అంటే ప్రింటర్ మళ్లీ ఆగుతుంది. రెండోది పనిని నడపకుండా రాసిపెట్టుకుంటుంది, టెస్టుల కోసం. రెండూ డెవలప్‌మెంట్‌కే. మావాడొకడు మొదటిదే సర్వర్‌లో పెట్టి "బ్యాక్‌గ్రౌండ్ ఐపోయింది" అన్నాడు. కాలేదు.

డేటాబేస్‌లోనే వరుస పెట్టే బ్యాకెండ్, దాన్ని నడిపే వర్కర్ విడి ప్యాకేజీలుగా దొరుకుతాయి. రోజుకు కొన్ని వందల ఎస్ఎంఎస్‌లు పంపే మిల్లుకు అవి సరిపోతాయని నా అభిప్రాయం. గంటల లెక్కన షెడ్యూళ్లు, ఒక పని తర్వాత ఇంకో పని గొలుసుగా నడవడం కావాలంటే సెలరీ ఇంకా ఉండాల్సిందే. అయినా ఈ ఉమ్మడి పద్ధతి మంచిదే. రేపు బ్యాకెండ్ మార్చినా మన కోడ్ మారదు.

అపోహ: అసింక్ పెడితే అంతా స్పీడ్ అయిపోతుంది.

ఇంటర్వ్యూల్లో అడుగుతారని పిల్లలు ప్రతి వ్యూ (పేజీకి జవాబిచ్చే ఫంక్షన్) ముందూ అసింక్ రాసేస్తున్నారు. అసింక్ లెక్కను వేగంగా చెయ్యదు. ఎదురుచూసే టైమును వృథా పోనియ్యదు, అంతే. కాంటా మీద ఒక లారీ ఉన్నప్పుడు తూకం పడటానికి పట్టే టైమ్ అసింక్‌తో తగ్గదు. వెనక లారీ డ్రైవర్ కాగితాలు తేవడానికి వెళ్లినప్పుడు ఇంకో బండిని పిలవగలగడమే అసింక్.

జాంగోలో ఇది మెల్లగా వస్తోంది. 3.0లో ఏఎస్‌జీఐ (సర్వర్‌కూ జాంగోకూ మధ్య అసింక్ వారధి), 3.1లో అసింక్ వ్యూలు, 4.1లో ఓఆర్ఎమ్ (పైథాన్ కోడ్‌తోనే డేటాబేస్‌ను అడిగే భాగం) పద్ధతులకు ముందు 'ఏ' చేర్చి వాడే రూపాలు వచ్చాయి. కానీ వాటి అడుగున డేటాబేస్‌తో మాట్లాడేది ఇంకా మామూలు సింక్ కోడే, వేరే థ్రెడ్‌లో. ట్రాన్సాక్షన్లు (కొన్ని మార్పులు అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్టు) అసింక్‌లో పనిచెయ్యవు, వాటిని సింక్ ఫంక్షన్‌లో పెట్టి పిలవాలి. డబ్బులు, తూకాలు ఉన్న చోట ట్రాన్సాక్షన్ లేకుండా నేను ఒక్క వరుస కూడా రాయను. కాబట్టి మా మిల్లు సాఫ్ట్‌వేర్‌లో అసింక్ వ్యూలు లేవు. బయటి సర్వీసులు నాలుగింటిని ఒకేసారి పిలిచే పని ఉంటే తప్పకుండా వాడండి.

అపోహ: ఎస్‌క్యూలైట్ నేర్చుకోవడానికే.

ఒకే ఆఫీసు, రెండు మూడు కంప్యూటర్లు ఉన్న బత్తాయి వ్యాపారికి ఒకే ఫైలులో ఉండే ఈ డేటాబేస్ చాలు. 5.1 నుంచి ట్రాన్సాక్షన్ ఏ తీరులో మొదలవ్వాలో, కనెక్షన్ తెరవగానే ఏ ప్రాగ్మాలు (ఎస్‌క్యూలైట్ సొంత సెట్టింగ్ ఆదేశాలు) నడవాలో సెట్టింగ్స్‌లోనే రాయొచ్చు. వాల్ మోడ్ (ఒకరు రాస్తుండగానే మిగతావాళ్లు చదవొచ్చు), ఇమ్మీడియట్ ట్రాన్సాక్షన్ (మొదట్లోనే రాసే హక్కు తీసుకుంటుంది) పెట్టాక "డేటాబేస్ లాక్ అయింది" అన్న గోల మా దగ్గర దాదాపు పోయింది. రోజూ బ్యాకప్ తీయడం మాత్రం మరవొద్దు.

అపోహ: యూనికోడ్ ఆన్ చేస్తే తెలుగు పనైపోయినట్టే.

పాలమూరు నుంచి వచ్చే తమ్ముడొకడు ఊర్ల పేర్లతో ఒక సైట్ చేశాడు. ప్రతి ఊరికీ ఒక పేజీ, చిరునామాలో ఊరి పేరు తెలుగులో. పేరును చిరునామాలో పెట్టదగ్గ రూపంలోకి (దాన్నే స్లగ్ అంటారు) మార్చే జాంగో ఫంక్షన్ స్లగిఫైని మామూలుగా వాడితే తెలుగు మొత్తం ఎగిరిపోయి ఖాళీ వస్తోంది. ఎవరో యూనికోడ్ అనుమతించే ఆప్షన్ పెట్టమన్నారు. పెట్టాడు. "నల్గొండ" కాస్తా "నలగడ" అయింది. "దేవరకొండ" అయితే "దవరకడ".

కారణం పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (అక్షరాలను నమూనాతో వెతికే పద్ధతి) ఉంది. జాంగో అక్షరాలను ఏరడానికి వాడే నమూనా మన గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను అక్షరాలుగా లెక్కెయ్యదు. వాటిని గీకేసి హల్లులను, విడి అచ్చులను మాత్రం మిగులుస్తుంది. చూడ్డానికి బాగుండకపోవడం ఒక్కటే కాదు, "పాలు", "పూలు" రెండూ "పల" అయిపోతాయి. రెండు పేజీలకు ఒకే చిరునామా వస్తే ఏది తెరుచుకుంటుంది? స్లగ్‌ను దాచుకునే స్లగ్‌ఫీల్డ్ తనిఖీలోనూ ఇదే నమూనా కాబట్టి, గుర్తులతో సరిగ్గా రాసిచ్చిన "నల్గొండ"ను కూడా తప్పు అంటుంది. యూఆర్ఎల్ నమూనాలో స్లగ్ అనే కన్వర్టర్ ఇంగ్లిష్ అక్షరాలనే ఒప్పుకుంటుంది.

ఇన్ని వెర్షన్లు మారినా ఇది మన దాకా రాలేదన్నది నాకు నిజంగా బాధ. అయినా దారి ఉంది. ఆ తమ్ముడితో కలిసి సొంత ఫంక్షన్ రాశాం. ఖాళీల చోట హైఫన్ పెట్టి, విరామ చిహ్నాలు మాత్రమే తీసేసి, తెలుగు యూనికోడ్ వరుసలో ఉన్న గుర్తులన్నీ ఉంచేస్తుంది. స్లగ్‌ఫీల్డ్ బదులు మామూలు క్యారెక్టర్ ఫీల్డ్, యూఆర్ఎల్‌లో స్లగ్ బదులు ఎస్‌టీఆర్ కన్వర్టర్, పేరు ముందు ఊరి నంబర్. సాయంత్రం బస్సుకు ముందు వాడు తన ఫోన్‌లోనే తెరిచి చూశాడు. "దేవరకొండ" ఏత్వంతో, ఒత్వంతో, సున్నతో సహా చిరునామాలో కనపడింది.