క్లబ్బుకూ రాష్ట్రానికీ నడుమ ఒక మెట్టు

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆటను టీవీలో చూసి మీరు రాసిన ఉత్తరం అందింది. నాలుగైదు జట్లు, ఒక మైదానం, ఒక కప్పు ఉంటే ఏ దేశంలోనైనా కొత్త పోటీ పెట్టేయవచ్చు కదా, అందులో అంత కష్టం ఏముందని అడిగారు. మొదలుపెట్టడం నిజంగానే అంత కష్టం కాదు. పదేళ్ల తర్వాత కూడా అది నడుస్తూ ఉండడమే కష్టం. నేను ఉంటున్న ఆస్ట్రేలియాలో క్లబ్బులకు పైన ఒక జాతీయ రగ్బీ పోటీని రెండుసార్లు మొదలుపెట్టారు, రెండుసార్లూ ఆపేశారు. ఆటగాళ్లకూ మైదానాలకూ ఏ లోటూ లేని దేశంలో అలా ఎందుకు జరిగిందో చెబితే మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు దొరుకుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీకు తెలిసిన క్రికెట్ నుంచే మొదలుపెడతాను. హైదరాబాద్‌లో లీగ్ మ్యాచ్‌లు ఆడే కుర్రవాడు బాగా రాణిస్తే రంజీ జట్టులోకి వస్తాడు, రంజీలో నిలబడితే భారత జట్టుకు ఎంపికయ్యే అవకాశం వస్తుంది. ఆస్ట్రేలియా క్రికెట్‌లో కూడా రాష్ట్రాల మధ్య షెఫీల్డ్ షీల్డ్ 1892 నుంచి ఆ పనే చేస్తోంది. రగ్బీలో మాత్రం ఈ వరుస అంత చక్కగా కుదరలేదు. సిడ్నీలో క్లబ్బుల మధ్య షూట్ షీల్డ్ అనే పోటీ 1923 నుంచి జరుగుతోంది, బ్రిస్బేన్ క్లబ్బులకు వాళ్ల పోటీ వాళ్లకు ఉంది. 1995లో రగ్బీ డబ్బిచ్చి ఆడించే వృత్తిగా మారాక, 1996లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి పన్నెండు జట్లతో సూపర్ రగ్బీ మొదలుపెట్టాయి. అందులో ఆస్ట్రేలియాకు దక్కినవి మూడే జట్లు: న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్, కాన్‌బెర్రా. 2006లో పెర్త్ నుంచి నాలుగోది చేరింది. అంటే దేశం మొత్తం మీద వంద మందికి కాస్త అటూ ఇటూగా మాత్రమే పై స్థాయిలో చోటు దొరికేది. మిగిలినవాళ్లందరూ శనివారం క్లబ్బు మైదానంలో ఉండేవాళ్లు.

ఆ శనివారాల గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన తగవు అంతా అక్కడి నుంచే పుట్టింది. సిడ్నీ తూర్పు తీరంలో సముద్రానికి ఆనుకుని కూజీ ఓవల్ అనే మైదానం ఉంది. అది రాండ్‌విక్ క్లబ్బుది, ఆస్ట్రేలియా జాతీయ జట్టుకు ఆడి పేరు తెచ్చుకున్న డేవిడ్ కాంపీసీ, ఎల్లా సోదరులు ఆడిన క్లబ్బు. ఒక క్లబ్బుకు ఒక్క జట్టు కాదు, నాలుగు గ్రేడ్ల జట్లు ఉంటాయి. పొద్దున నాలుగో గ్రేడ్‌తో మొదలై మూడు, రెండు గ్రేడ్లు అదే పచ్చికపై వరుసగా ఆడతాయి, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో మొదటి గ్రేడ్ బరిలోకి దిగుతుంది. అప్పటికి రెండో గ్రేడ్‌లో ఆడి అలసిపోయినవాళ్లు మోకాలికి ఐస్ సంచి కట్టుకుని గట్టు మీద కూర్చుంటారు. వాళ్ల పక్కనే ఒకప్పుడు అదే జెర్సీ వేసుకున్న తండ్రులు, తాతలు ఉంటారు. గేటు దగ్గర టికెట్లు చించేవాళ్లూ, పెనం మీద సాసేజీలు కాల్చి రొట్టెలో పెట్టి అమ్మేవాళ్లూ చాలామంది జీతం లేకుండా పనిచేసే క్లబ్బు మనుషులే. ఈ ప్రేమ ఎవరో కార్యాలయంలో కూర్చుని తయారుచేసింది కాదు, తరాల మీద పేరుకున్నది.

అయితే ప్రేమ ఉన్నంత మాత్రాన ఆట స్థాయి పెరగదు. క్లబ్బు మ్యాచ్‌లో హాయిగా ఆడే ఇరవై ఏళ్ల కుర్రవాడిని నేరుగా సూపర్ రగ్బీలోకి దింపితే, స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల ఆటగాళ్లు గుంపుగా వంగి బంతి కోసం ఒకరినొకరు నెట్టుకునే చోట, ఎదుటివాళ్ల తోపు బలం, ఆట వేగం, ఢీకొట్టే తీవ్రత అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అతనికే కాదు, రేపు పెద్ద మ్యాచ్‌లు నడపవలసిన రిఫరీకీ, కోచ్‌కీ కూడా మధ్యలో ఒక మెట్టు కావాలి. న్యూజిలాండ్‌కు 1976 నుంచి ప్రాంతాల మధ్య జాతీయ పోటీ ఉంది, దక్షిణాఫ్రికాకు పందొమ్మిదో శతాబ్దం నుంచే కరీ కప్ ఉంది. ఆ రెండు దేశాల చేతిలో ఓడినప్పుడల్లా ఆస్ట్రేలియాలో ఇదే మాట వినిపించేది: జాతీయ జట్టు, సూపర్ రగ్బీ తర్వాత, క్లబ్బులకు పైన ఉండవలసిన మూడో అంచె మనకు లేదు.

ఆ అంచెను కట్టే మొదటి ప్రయత్నం 2007లో జరిగింది. దానికి ఆస్ట్రేలియన్ రగ్బీ ఛాంపియన్‌షిప్ అని పేరు పెట్టి, ఎనిమిది జట్లను కొత్తగా సృష్టించారు. సిడ్నీ వైపు మూడు, క్వీన్స్‌లాండ్‌లో రెండు, కాన్‌బెర్రా, పెర్త్, మెల్‌బోర్న్ నగరాలకు ఒక్కొక్కటి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీ, వెల్లింగ్టన్ వంటి ప్రాంతీయ సంఘాలు 1879లోనే పుట్టాయి, దేశం మొత్తానికి సంఘం ఏర్పడింది 1892లో. అక్కడ ముందు అభిమానం ఉంది, పోటీ దాని మీద నిలబడింది. ఆస్ట్రేలియాలో రాష్ట్రం మీద అభిమానాన్ని సూపర్ రగ్బీ జట్లు అప్పటికే తీసుకున్నాయి, పేట మీద అభిమానం క్లబ్బుల దగ్గర ఉంది. ఆ రెంటికీ నడుమ జట్టు పెట్టాలంటే ఎవరి పేరు మీద పెట్టాలి? సిడ్నీ ఫ్లీట్ అనీ, బాలీమోర్ టొర్నేడోస్ అనీ పేర్లు పెట్టి కొత్త జెర్సీలు ఇచ్చారు. రాండ్‌విక్ కోసం గొంతు చించుకునే మనిషి మరుసటి నెలలో, నిన్నటి వరకు తాను తిట్టుకున్న పొరుగు క్లబ్బు ఆటగాళ్లతో కలిపి కట్టిన ఆ జట్టును తనదిగా ఎలా అనుకోగలడు?

కాలం కూడా కలిసిరాలేదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జరిగిన ఆ పోటీకి ఎదురుగా ఫ్రాన్స్‌లో రగ్బీ ప్రపంచకప్ నడుస్తోంది. పైగా ఆస్ట్రేలియాలో పదిహేను మంది ఆడే మన రగ్బీ కంటే పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్‌కూ, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌కూ జనాదరణ చాలా ఎక్కువ, ఆ రెంటి ఫైనల్స్ సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. ఆట మాత్రం బాగానే సాగింది. ఫైనల్‌లో సెంట్రల్ కోస్ట్ రేస్ జట్టు మెల్‌బోర్న్ రెబెల్స్‌ను ఓడించింది. ఆ తర్వాత లెక్కలు చూస్తే సుమారు 47 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల నష్టం తేలిందని వార్తలు వచ్చాయి. ఏడాది ముగియకుండానే పోటీని రద్దు చేశారు.

ఒక్క ఏడాదికే మూసేయడం అన్యాయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. మన ఊళ్లో అంటుమామిడి నాటిన రైతు తొలి ఏళ్లలో వచ్చిన పూతను తానే తుంచేసి చెట్టును బలపడనిస్తాడు, నాటిన ఏడాదే కాయ రాలేదని చెట్టు నరకడు. మొదటి సీజన్‌లో నష్టం వస్తుందని ముందే తెలుసుకుని, కనీసం అయిదేళ్ల ఖర్చు పక్కన పెట్టుకోకుండా ఇలాంటి పనికి పూనుకోకూడదు.

రెండోసారి 2014లో నేషనల్ రగ్బీ ఛాంపియన్‌షిప్ పేరుతో తొమ్మిది జట్లతో మొదలుపెట్టినప్పుడు నిర్వాహకులు మొదటి దెబ్బ నుంచి కొంత నేర్చుకున్నారు. ఖర్చు తగ్గించారు, సిడ్నీలో జట్ల బాధ్యతను క్లబ్బులకే అప్పగించారు. ఉత్తర తీరపు క్లబ్బులు కలిసి నార్త్ హార్బర్ రేస్‌ను, సిడ్నీ విశ్వవిద్యాలయం, బాల్‌మెయిన్ కలిసి సిడ్నీ స్టార్స్‌ను నడిపాయి. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే పర్రమాట్టా వైపు నుంచి గ్రేటర్ సిడ్నీ రామ్స్ వచ్చింది.

వాళ్లు మార్కుల లెక్కను కూడా మార్చారు, అది మీకు నచ్చుతుందని వివరంగా చెబుతున్నాను. మామూలు రగ్బీలో బంతిని గీత అవతల నేలకు తాకిస్తే వచ్చే ట్రైకి 5 పాయింట్లు, ఆ తర్వాత కొట్టే కన్వర్షన్‌కు 2, పెనాల్టీ కిక్‌కు 3. అంటే నాలుగు పెనాల్టీలు కొట్టిన జట్టుకు 12 పాయింట్లు, కష్టపడి ఒక ట్రై, కన్వర్షన్ సాధించిన జట్టుకు 7. కొత్త పోటీలో మొదట్లో కన్వర్షన్‌కు 3, పెనాల్టీకి 2 చేశారు. ఇప్పుడు నాలుగు పెనాల్టీలకు 8, ఒక్క ట్రైకీ కన్వర్షన్‌కూ కలిపి కూడా 8. దాంతో కెప్టెన్లు కిక్ కోసం ఆగకుండా బంతితో ముందుకు వెళ్లడమే మేలనుకున్నారు, ట్రైలు కుప్పలుగా పడ్డాయి. చూడడానికి ఎంతో ఉత్సాహంగా ఉన్నా, పైకి వెళ్లాక ఆడవలసిన రగ్బీ ఇది కాదని కొందరు కోచ్‌లు అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు.

మొదటి రెండేళ్లూ బ్రిస్బేన్ సిటీ గెలిచింది. ఆ జట్టులో ఆడిన సము కెరెవీ తర్వాత దేశానికి ఆడాడు. మెట్టు తన పని తాను చేసింది. గట్ల మీద జనం మాత్రం పలచగానే ఉన్నారు. 2015 తర్వాత సిడ్నీ స్టార్స్ తప్పుకుంది, 2018 నాటికి న్యూ సౌత్ వేల్స్ నుంచి మొదట ఉన్న నాలుగు జట్లు రెండయ్యాయి. మరోపక్క 2017లో నార్త్ సిడ్నీ ఓవల్‌లో జరిగిన షూట్ షీల్డ్ ఫైనల్‌కు మైదానం కిక్కిరిసిపోయింది. క్లబ్బుల వాళ్లు దాన్నే చూపించి, ఆ డబ్బు మాకే ఇస్తే మేమే మూడో అంచె అవుతాం కదా అని వాదించారు. ఆ కోపాన్ని నేను తప్పుపట్టలేను. సీజన్ అంతా కుర్రవాడిని తయారుచేసింది వాళ్లు, పేరు మాత్రం వేరే జెర్సీకి పోతోంది.

ఈ పోటీ ఎక్కడ నిజంగా పండిందో తెలుసా? ఫిజీలో. 2017లో ఫిజియన్ ద్రువా అనే జట్టును తొమ్మిదోదిగా చేర్చుకున్నారు. ఫిజీలో రగ్బీ ప్రాణం, అయినా వృత్తిగా ఆడాలంటే అక్కడి కుర్రవాళ్లు ఇల్లు వదిలి విదేశాలకు పోవలసి వచ్చేది. తమ దేశం పేరు మీద, తమ ఊళ్లోనే ఆడే జట్టు దొరకగానే జనం మైదానాలకు తరలివచ్చారు. రెండో ఏడాదే, 2018లో, లౌటోకాలో జరిగిన ఫైనల్‌లో క్వీన్స్‌లాండ్ కంట్రీని ఓడించి ద్రువా కప్పు గెలిచింది. 2022 నుంచి ఆ జట్టు సూపర్ రగ్బీలోనే ఆడుతోంది. అవే నియమాలు, అదే పోటీ, ప్రత్యర్థులూ వాళ్లే. తేడా ఒక్కటే, ఆ జట్టు ఎవరిదో అక్కడి చిన్నపిల్లలకు కూడా ముందే తెలుసు.

2019లో పెర్త్ జట్టు వెస్టర్న్ ఫోర్స్ గెలిచిన సీజనే చివరిది. 2020లో కోవిడ్ వచ్చింది, అదే సమయంలో ప్రసార ఒప్పందమూ ముగిసింది. కొత్తగా హక్కులు తీసుకున్నవాళ్లు షూట్ షీల్డ్ మ్యాచ్‌లను చూపించడం మొదలుపెట్టారు, జాతీయ పోటీ మళ్లీ తెరుచుకోలేదు.

ఇక మీ హైదరాబాద్ హీరోస్ విషయానికి వస్తాను. మన దేశానికి రగ్బీ కొత్త కాదు. 1873లో కలకత్తాలో క్లబ్బు పెట్టినవాళ్లు తర్వాత దాన్ని మూసేస్తూ బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి చేయించిన కప్పు కోసమే ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఇప్పటికీ ఆడుతున్నాయి. అయినా భారతీయ ఆటగాళ్లకు డబ్బిచ్చి, విదేశీ దిగ్గజాల పక్కన ఆడించిన నగరాల లీగ్ ఇదే మొదటిది. ఏడుగురేసి ఆడే ఆట కాబట్టి ఖర్చు తక్కువ, పదిహేను రోజుల్లో ముగిసింది, చెన్నై బుల్స్ గెలిచింది. తెలుగువారి సంస్థ జీఎంఆర్ దానికి అండగా నిలవడం నాకు గర్వంగా ఉంది.

అయితే ఆరు జట్లూ అన్ని మ్యాచ్‌లూ ముంబయిలోని అంధేరీ మైదానంలోనే ఆడాయి. తొలి ఏడాది ఖర్చు అదుపులో పెట్టుకోవడానికి అది తెలివైన పనే. కానీ హైదరాబాద్ పేరున్న జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోతే, మీ బడి స్నేహితులు గచ్చిబౌలిలోనో జింఖానాలోనో గట్టు మీద కూర్చుని దాన్ని తమదని అరిచే రోజు ఎలా వస్తుంది? కాబట్టి వచ్చే సీజన్ల పట్టిక చేతికి వచ్చినప్పుడు ఏ విదేశీ ఆటగాడు వస్తున్నాడన్నది తర్వాత చూడండి, ముందు మ్యాచ్‌లు ఏ ఊళ్లో పెట్టారో చూసి నాకు రాయండి. తెలంగాణలో, ఆంధ్రలో బడిపిల్లలకు రగ్బీ నేర్పే చోట్లు మీకు దగ్గరలో ఉన్నాయేమో కూడా కనుక్కుని, అక్కడ ఎంతమంది వస్తున్నారో, కోచ్ ఎవరో, బంతులు సరిపడా ఉన్నాయో లేదో వివరంగా తెలియజేయండి.

ఇట్లు,
మీ తాతయ్య