ఇంగ్లండ్ పల్లె నాట్యబాణీలు: అపోహలు, వాస్తవాలు

కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుని, కొన్నేళ్లుగా ఇంగ్లండ్‌లో పబ్ సెషన్లలోనూ (పబ్బులో వాద్యకారులు చేరి కలిసి వాయించే కూటములు), కేలీ అని పిలిచే సామూహిక నృత్యాలకు వాయించే బృందంలోనూ ఫిడేలు పట్టుకుని కూర్చుంటున్న నన్ను మనవాళ్లు ఈ సంగీతం గురించి అడిగే ప్రశ్నల్లో చాలావాటి వెనుక ఒకే ఊహ కనిపిస్తుంది. ఇది బహు ప్రాచీనమైనదనీ, చదువురాని పల్లెజనం నోటి ద్వారానే అందించుకున్నదనీ, పరాయి గాలి సోకనిదనీ ఆ ఊహ. ఇక్కడ వాయించేవారిలోనూ దీన్ని మురిపెంగా పెంచుకునేవారు తక్కువేమీ కాదు. కానీ చేతిరాత పుస్తకాలు, పాత రికార్డులు, వాయిద్యాల పుట్టుక దానికి ఎక్కడా సాక్ష్యం పలకవు.

అపోహ: ఇది క్రైస్తవానికి పూర్వం సంతానం కోసం, పంటల కోసం చేసిన పూజల శేషం.

వాస్తవం: కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతిరుమాళ్లు ఊపుతూ, కర్రకు కర్ర తాటిస్తూ ఆడే మోరిస్ నృత్యాన్ని చూసినవారికి అలా అనిపించడం సహజమే. అయితే ఇంగ్లండ్‌లో మోరిస్ ప్రస్తావన దొరుకుతున్న తొలి లెక్కల పత్రం 1448 నాటిది. లండన్ స్వర్ణకారుల సంఘం తమ వేడుకలో ఆడిన మోరిస్ నర్తకులకు 7 షిల్లింగులు చెల్లించినట్టు అందులో ఉంది. ఆ తొలినాళ్ల ఆధారాలు ఎక్కువగా రాజాస్థానం నుంచి, సంపన్నుల ఇళ్ల నుంచి వచ్చినవే. పల్లెలకు, చర్చి ఉత్సవాలకు ఆ నృత్యం తర్వాత చేరింది. పూజల సిద్ధాంతాన్ని అల్లినది 19వ శతాబ్దం చివరి పండితులు. జానపద పాటలు, నృత్యాలు సేకరించిన సెసిల్ షార్ప్ దాన్ని నమ్మి ప్రచారం చేయడంతో అది స్థిరపడిపోయింది.

అపోహ: బాణీలన్నీ నోటి నుంచి నోటికి, చెవి నుంచి చెవికి వచ్చినవే.

వాస్తవం: ఈ విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మిగిలిన పొరపాట్లకు మూలం ఇక్కడే ఉంది. లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ 1651లో అచ్చు వేసిన నాట్య పుస్తకంలో 105 నాట్యాలకు అడుగుల వివరణతో పాటు బాణీలు కూడా స్వరలిపిలో ఉన్నాయి. ఆ పుస్తకం మార్పులతో, చేర్పులతో 18వ శతాబ్దం మొదటి పాదం దాటేదాకా ముద్రణలు పొందుతూనే వచ్చింది. ఆ తర్వాతి కాలంలో పల్లెల ఫిడేలు వాద్యకారులు తమకు కావలసిన బాణీలను సొంత పుస్తకాల్లో రాసుకున్నారు. నార్తాంప్టన్‌షైర్‌లో వ్యవసాయ కూలీగా బతికిన కవి జాన్ క్లేర్ తాను ఫిడేలుపై వాయించే బాణీలను 200కు పైగా రాసిపెట్టాడు. నవలాకారుడు థామస్ హార్డీ తాత, తండ్రి డార్సెట్‌లోని స్టిన్స్‌ఫర్డ్ చర్చి వాద్యబృందంలో వాయించినవారు; వారి ఇంటి రాతప్రతుల్లో భక్తి గీతాలూ నాట్యబాణీలూ రెండూ ఉన్నాయి. అంటే ఆదివారం ఉదయం చర్చిలో కీర్తనకు కదిలిన కమానే ముందురోజు రాత్రి ధాన్యపు కొట్టంలో నాట్యానికీ కదిలిందన్నమాట. 19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి చర్చిల్లో ఈ బృందాల స్థానాన్ని హార్మోనియం, ఆర్గన్ ఆక్రమించుకోవడంతో స్వరలిపి చదవగలిగిన పల్లె వాద్యకారుల తరం క్రమంగా తరిగిపోయింది. పాటలు సేకరించేవారు పల్లెలకు వచ్చింది ఆ తర్వాతే. వారికి కనిపించినది చదువు లేని సంగీతం అనడం కన్నా, చదువు వెనక్కి తగ్గిన సంగీతం అనడమే న్యాయమని నా అభిప్రాయం. చెవితో నేర్చుకోవడం మాత్రం నిజంగానే ఉంది, ఇప్పటికీ ఉంది. సెషన్‌లో కాగితం ముందు పెట్టుకుని వాయించడం చాలాచోట్ల ఎవరికీ నచ్చదు.

అపోహ: ఇది కల్తీ లేని ఆంగ్ల సంగీతం.

వాస్తవం: సెషన్లలో ఎక్కువగా మోగే రకాల్లో పోల్కా ఒకటి. అది బొహీమియాలో పుట్టి, పారిస్‌ను ఊపేసి, 1844లో లండన్ చేరిన ఫ్యాషన్. వాల్ట్జ్, షాటిష్ కూడా యూరప్ నుంచి దిగినవే. పల్లెలు వాటిని పట్టుకుని వదల్లేదు, అంతే. వాయిద్యాలూ ఇలాంటివే. లండన్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1829లో పేటెంటు పొందిన వాయిద్యం నుంచి ఇంగ్లిష్ కాన్సెర్టినా (తిత్తి, మీటలతో చేతుల్లో పట్టుకుని వాయించే చిన్న పెట్టె) వచ్చిందనేది నిజమే కానీ, మోరిస్ వాద్యకారులు ఎక్కువగా వాడే ఆంగ్లో కాన్సెర్టినా మూలం మాత్రం జర్మనీలోని కెమ్నిట్జ్‌లో 1834లో కార్ల్ ఊలిగ్ చేసిన పెట్టె.

రాకపోకలు ఒకవైపే జరగలేదు కూడా. మన పిల్లలు పాఠాల్లో నేర్చుకునే ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు మద్రాసులో ఆంగ్లేయుల బ్యాండ్లు వాయించిన బాణీలకు కట్టిన సంస్కృత సాహిత్యాలే. సుబ్బరామ దీక్షితులు తెలుగులో వెలువరించిన ప్రథమాభ్యాస పుస్తకంలో ముప్పైకి పైగా అవి ఉన్నాయి. వాటిలో “వందే మీనాక్షి” బాణీని పరిశోధకులు “రేక్స్ ఆఫ్ మాలో”గా గుర్తించారు. అది పేరులోనే ఐర్లండ్ ఊరు ఉన్న బాణీ, ఇంగ్లండ్ పబ్బుల్లోనూ మామూలుగా వినిపించేదే. దాన్ని మొదలుపెట్టగానే శంకరాభరణంలో ఎప్పుడో నేర్చుకున్న పాఠం చేతివేళ్లకు తగులుతుంది.

అపోహ: ఐరిష్ సంగీతం కన్నా నెమ్మది కాబట్టి ఇది సులువు.

వాస్తవం: వేగం తక్కువన్నది చాలావరకు సరైన మాటే, సులువన్నది కాదు. ఇంగ్లండ్ కేలీల్లో నర్తకులు ఒక్కో లెక్కకు అడుగు వేసి ఎగురుతారు; కాలు నేలను వదిలి మళ్లీ తాకడానికి పట్టే సమయాన్ని బృందం ఇవ్వాలి, ఆ సమయంలో సంగీతం నీరసించకూడదు. జిగ్ అనే బాణీ రకం మన లెక్కలో తిశ్రగతి, హార్న్‌పైప్ అనే రకంలో ఒక స్వరం పొడవు, ఒకటి పొట్టి. ఆ పొడవు, పొట్టిల నిష్పత్తి ఏ స్వరలిపిలోనూ సరిగ్గా ఇమడదు. రెండు వరుసల మీటలుండే మెలోడియన్‌లో ఒకే మీట తిత్తిని నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం పలుకుతుంది; దిశ మారినప్పుడల్లా వచ్చే చిన్న విరామమే ఆ వాయిద్యానికి నడక ఇస్తుంది. ఫిడేలు వాయించేవాళ్లం పొట్టి కమాను వేటులతో అదే నడకను అందుకోవాలి. గమకాలకు అలవాటుపడిన ఎడమచేతికి ఇక్కడ పెద్దగా పనిలేదు, బరువంతా కుడిచేతి మీదే పడుతుంది. పైగా చాలా బాణీలు ఎనిమిదేసి బార్ల (తాళపు చిన్న విభాగాల) రెండు భాగాలు, ఒక్కోటి రెండుసార్లు, మొత్తం 32 బార్లుగా ఉంటాయి. నాట్యం లెక్క కూడా అంతే. బృందం ఒక భాగాన్ని రెండోసారి వాయించడం మరిచిపోతే హాలు మధ్యలో జంటలు ఒకరినొకరు గుద్దుకుంటాయి.

అపోహ: ఈ సంగీతం చచ్చిపోతే సెసిల్ షార్ప్ బతికించాడు; పబ్బు దానికి ఈమధ్య తొడిగిన వేషం.

వాస్తవం: 1899 డిసెంబర్ 26న ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న హెడింగ్టన్ క్వారీ మోరిస్ బృందాన్ని షార్ప్ చూడటం, వారి కాన్సెర్టినా వాద్యకారుడు విలియం కింబర్ దగ్గర బాణీలు రాసుకోవడం, 1911లో ఇంగ్లిష్ జానపద నృత్య సంఘాన్ని స్థాపించడం చరిత్రే. ఆయన శ్రమను తక్కువ చేయలేం. కానీ పాఠశాలలకు, పియానో పక్కన నేర్పడానికి తగ్గట్టు ఆయన బాణీలను తీర్చిదిద్దాడు. పబ్బులో చెక్కనేల మీద ఒంటరిగా అడుగులు కొట్టే నర్తకుడికి వాయించే పోల్కాలూ హార్న్‌పైపులూ ఆయన అభిరుచికి అంతగా తగలలేదు. ఆ సంగీతం మాత్రం ఆయన దృష్టికి బయట సాగుతూనే ఉంది. 1972లో కన్నుమూసిన స్కాన్ టెస్టర్ సస్సెక్స్ పబ్బుల్లో దశాబ్దాల పాటు కాన్సెర్టినా వాయించాడు. నార్ఫక్‌లో వాల్టర్ బుల్వర్ ఫిడేలు, ఆయన భార్య డైసీ పియానో, బిల్లీ కూపర్ చిన్న సుత్తులతో తీగల మీద కొట్టే డల్సిమర్ వాయించిన రికార్డింగులు 1965లో 99 ప్రతుల చిన్న ముద్రణగా వెలువడ్డాయి. 1970ల యువ వాద్యకారులు ఆ నడకను పట్టుకున్నారు. 1974లో మొదలైన ఓల్డ్ స్వాన్ బ్యాండ్ తన తొలి ఆల్బంకు “నో రీల్స్” (రీల్ అంటే వేగంగా సాగే బాణీ రకం) అనే పేరు పెట్టి, వేగం పోటీలో తాము లేమని చెప్పకనే చెప్పింది.

వలయాకారంగా కూర్చుని అందరూ కలిసి ఒకే బాణీ వాయించే ఇప్పటి సెషన్ రూపానికి మాత్రం, రెండో ప్రపంచయుద్ధం తర్వాత లండన్ పబ్బుల్లో చేరిన ఐరిష్ వలస కార్మికులకు చాలా రుణపడి ఉన్నామని నేను ఒప్పుకుంటాను. ఈ మాట కొందరు మిత్రులకు రుచించదు.

అపోహ: ఇది మగవాళ్ల వ్యవహారం.

వాస్తవం: 20వ శతాబ్దం మొదట్లో మోరిస్‌ను లండన్ వేదికలకు ఎక్కించినది మేరీ నీల్ నడిపిన శ్రామిక యువతుల బృందం. మగవారికే పరిమితమైన మోరిస్ బృందాల సమాఖ్య, మోరిస్ రింగ్, 1934లో ఏర్పడింది. అది కూడా 2018లో మహిళలకు తలుపు తెరిచింది.

అపోహ: పబ్బులో వాయించాలంటే లైసెన్సు కావాలి.

వాస్తవం: ఒకప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో 1964 చట్టం ప్రకారం ఇద్దరు వాద్యకారుల దాకా అనుమతి అక్కర్లేదు, మూడోవాడు చేయి కలిపితే వినోద లైసెన్సు కావాలి. 2003 నాటి చట్టం ఆ వెసులుబాటునూ తీసేసి, మోరిస్‌కు మినహాయింపు ఇచ్చింది. 2012 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన లైవ్ మ్యూజిక్ చట్టంతో మైకులు లేని సంగీతానికి ఉదయం 8 నుంచి రాత్రి 11 వరకు ఆ బెడద తప్పింది. ఇప్పుడు అసలు అనుమతి పబ్ యజమానిది. బేరాలు మందంగా ఉండే వారం మధ్య రోజునే ఆయన మాకు మూల బల్ల ఇస్తాడు. ఆయన మారి కొత్తవారు వస్తే సెషన్ మరో పబ్బు వెతుక్కోవడం మాకు మామూలే.