బూజు పట్టిన పీపా

అమ్ములూ, నానీ,

మొన్న వీడియో కాల్‌లో ఇక్కడ ఫ్రాన్స్ నుంచి, తెల్ల పొర కట్టిన వైన్ పీపా చూపించగానే అమ్ములు "ఛీ, బూజు పట్టింది తాతయ్యా, పారేయమని చెప్పు" అంది, అంతలో సిగ్నల్ పోయింది. తర్వాత "పచ్చడికి బూజు పడితే అమ్మమ్మ పారేస్తుంది కదా, వాళ్ళెందుకు దాచుకున్నారు?" అని మెసేజ్ పెట్టింది. ఆ ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదల్లేదు, అందుకే ఫోన్‌లో కాకుండా తీరిగ్గా రాస్తున్నాను.

మేం వెళ్ళిన చోటు పేరు జూరా. ఫ్రాన్స్‌కి తూర్పున, స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కన ఉన్న కొండల సీమ. లియోన్‌లో పిన్ని వాళ్ళింటి నుంచి కారులో రెండు గంటలు పట్టింది. ప్యారిస్ చూడ్డానికి వచ్చే జనం ఇటు పెద్దగా రారు. ఏ సందులో నిలబడ్డా గుడి గంట, ఆవుల మెడగంటలు వినిపించేంత నెమ్మది. షాతో-షలోన్ అనే ఊరు ఓ కొండ అంచున కూర్చుని ఉంటుంది, ఒకప్పుడు అక్కడ సన్యాసినుల మఠం ఉండేది. కింద వాలు పొడుగునా ద్రాక్షతోటలే. మీరు చూసిన పీపా ఆ ఊళ్ళో ఓ నేలమాళిగలోది, లోపల ఏం జరుగుతుందో కనబడాలని దానికి ఓ పక్క అద్దం పెట్టారు. అందులో ఉన్నది పసుపు వైన్. అది పెద్దవాళ్ళు తాగేది, మీకొద్దు, నేనూ ముట్టుకోలేదు, వాసన మాత్రం చూశాను, అక్రోట్లు కొట్టినప్పుడు వచ్చే వాసన.

ఇప్పుడు ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకోండి. అమ్మమ్మ పైన నూనె తేలేలా పోస్తుంది, ఎందుకు? ముక్కకి గాలి తగలకూడదని. తడి గరిటె పెడితే అరుస్తుంది, ఎందుకు? తడి తగిలితే బూజు పడుతుందని. ద్రాక్షరసం పీపాకీ గాలితోనే పేచీ, ఊరికే గాలికి వదిలేస్తే పులిసి వెనిగర్ అయిపోతుంది. అందుకే మిగతా ఊళ్ళలో పీపాలో రసం తరిగినప్పుడల్లా మళ్ళీ నిండా పోస్తుంటారు. ఈ పసుపు వైన్‌కి మాత్రం పొయ్యరు! పీపాలో ఖాళీ పెరుగుతుంటే రసం మీద తెల్లగా, చల్లారిన పాల మీద మీగడలా ఓ పొర కడుతుంది. అది ఈస్ట్, అంటే కంటికి కనబడనంత చిన్న జీవాలు కోట్ల కొద్దీ చేరి కట్టిన పొర. పైనుంచి వచ్చే గాలిని అవే వాడేసుకుని కింద రసాన్ని కాపాడతాయి. అంటే మన జాడీలో నూనె చేసే పని ఇక్కడ ఈ పొర చేస్తుందన్నమాట. నేలమాళిగ మన అటక, తోట యజమాని మీ అమ్మమ్మ, పీపా కదిపితే పొర చెదురుతుందని ఆయన కూడా అలాగే కేకలేస్తాడట. మన ఆవకాయ ఏడాదికి అయిపోతుంది, వాళ్ళది కోత అయ్యాక ఆరేళ్ళ మూడు నెలలు ఆగాలి. లీటరు రసం ఆ లోపల తరిగి తరిగి 620 మిల్లీలీటర్లు మిగులుతుందని లెక్క. అందుకే దాని సీసా కూడా అంతే పడుతుంది, పొట్టిగా బలంగా ఉంటుంది. పచ్చడి మీద బూజు వేరే జాతి అమ్ములూ, అది పారేయాల్సిందే.

ఈ చిన్న జీవాలు ఎక్కడి నుంచి వస్తాయో వెతికినాయన కూడా ఈ సీమవాడే, లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త. పక్కనే ఉన్న ఆర్బ్వా ఊళ్ళో పెరిగాడు. వాళ్ళ నాన్న తోళ్ళు శుద్ధి చేసేవాడు, ఏటి ఒడ్డునున్న ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పాశ్చర్ 1874లో కొనుక్కున్న చిన్న తోట ఈ రోజుకీ ఉంది. 1878లో ఆయన కొన్ని తీగల మీద గాజు గదులు కట్టించి, గుత్తులకి దూది చుట్టించాడు. కోతయ్యాక చూస్తే బయటి గుత్తుల రసం పొంగింది, దూది చుట్టిన గుత్తుల రసం పొంగలేదు. అంటే పొంగించే జీవాలు ద్రాక్ష లోపల పుట్టడం లేదు, బయటి నుంచి వచ్చి తొక్క మీద చేరుతున్నాయి. ఆ తోట కంచె దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను, పిన్ని వచ్చి పిలిచేదాకా.

ఎందుకో చెప్తాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా బడి దారిలో కుక్క కరిచింది. మా నాయనమ్మ ఏడుస్తూ పసుపు అద్దింది, నాన్న సైకిల్ మీద గుంటూరు తీసుకెళ్ళాడు. బొడ్డు చుట్టూ 14 సూదులు, రోజుకొకటి. మందు కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వస్తుందని కాంపౌండర్ చెప్తే, పాశ్చర్ అంటే ఊరి పేరేమో అనుకున్నాను. ఇన్నేళ్ళకి ఆయన ఊరు చూశాను. 1831లో ఆర్బ్వా చుట్టుపక్కల పిచ్చి తోడేలు తిరిగి జనాన్ని కరిస్తే, కమ్మరి కొలిమి దగ్గర గాయాలకి వాత పెట్టడం ఎనిమిదేళ్ళ పాశ్చర్ చూశాడట. 1885లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి టీకా వేసింది ఆయనే. అదే ఏడాది ఆర్బ్వా దగ్గరి పల్లెలో మిగతా పిల్లల్ని కాపాడబోయి కుక్కతో కలబడ్డ పదిహేనేళ్ళ గొర్రెల కాపరి కూడా ఆయన టీకాతోనే బతికాడు. చిన్నప్పుడు చూసినదాన్ని భయంతో మర్చిపోకుండా మనసులో పెట్టుకోవడం ఎంత మంచి అలవాటో చూడండి.

ఆవకాయ అన్నాక ఉప్పు మాట కూడా. ఇక్కడ సముద్రం లేదు, మన చినగంజాంలోలా ఎండబెట్టే మళ్ళు లేవు. సలాన్ అనే ఊళ్ళో భూమి లోపలి నుంచి ఉప్పునీళ్ళు తోడి కట్టెల మంట మీద మరిగించేవారు. కట్టెలు కరువైతే, 1775లో మొదలుపెట్టి, ఆ నీళ్ళని 21 కిలోమీటర్లు చెక్క గొట్టాల్లో అడవి దగ్గరికే పంపి, అక్కడ కోటలాంటి ఉప్పు కార్ఖానా కట్టారు. మానులు తొలిచి చేసిన గొట్టాలు! ఎలా అతికారో నాకు తెలియదు నానీ, నువ్వు పెద్దయ్యాక వచ్చి చూసి నాకు చెప్పాలి.

మేం వెళ్ళింది సెప్టెంబరు మొదటి ఆదివారం. ఆ రోజు ఆర్బ్వాలో చిన్న గుత్తులన్నీ కట్టి మనిషంత గుత్తి చేసి, నలుగురు భుజాన మోసుకుంటూ ముందు వయొలిన్లతో చర్చికి తీసుకెళ్ళి వేలాడదీశారు. చుట్టూ కందిరీగలు. పండు మీద సన్నటి తెల్ల పొడి, వేలితో తుడిస్తే పోతుంది. ఆ పొడి మైనం లాంటిది, ఈస్ట్ కూడా అక్కడే అంటుకుని ఉంటుందట. ఈసారి నల్లద్రాక్ష తెస్తే కడగక ముందు ఓసారి వెలుతుర్లో పెట్టి చూడండి, కడిగాకే తినండి.

ఇడ్లీ పిండిలోవి ఇంకో రకం జీవాలు, వాటి సంగతి నేను చెప్పను. శనివారం అమ్మ పిండి రుబ్బగానే రెండు గాజు గ్లాసుల్లో ఒకే ఎత్తుకి పోసి, బయట స్కెచ్ పెన్‌తో గీత పెట్టండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి స్టౌ పక్కన. పొద్దున పళ్ళు కూడా తోముకోకముందే వెళ్ళి చూసి, ఏ గీత ఎంత దాటిందో ఫొటో తీసి పంపండి.

మీ తాతయ్య